పాఠ్యభాగం 7: ‘రైలుబడి’ – పిల్లల మనసు, పెద్దల పని

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రస్తావన
7.2 రచయిత్రి, రచన, నేపథ్యం
7.3 కథనపద్ధతి
7.4 వినడం
7.5 అవమానం తగలకుండా చూడడం
7.6 నమ్మడం
7.7 దుఃఖానికి తావివ్వడం
7.8 రచనలోని పరిమితులు
7.9 మన బడి, మన ఇల్లు
7.10 సారాంశం
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ‘రైలుబడి’ రచనా నేపథ్యాన్ని, కథనపద్ధతిని వివరించగలుగుతారు.
• పిల్లల మానసిక అవసరాలు వయసుతోపాటు ఎలా మారతాయో ఆ రచన ఆధారంగా చెప్పగలుగుతారు.
• రచనలోని బలాన్ని, పరిమితులను వేరుచేసి చూడగలుగుతారు.
• మీ ఇంటికి, మీ బడికి ఆ రచనను అన్వయించి చర్చించగలుగుతారు.

7.1 ప్రస్తావన

పిల్లలకు తిండి, బట్ట, చదువు సమకూర్చడం పెద్దల బాధ్యత అన్న విషయంలో మనలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. పిల్లలకు ఆకలి వేసినట్టే అవమానం కూడా కలుగుతుందని, జ్వరం వచ్చినట్టే దిగులు కూడా వస్తుందని ఒప్పుకోవడానికి మాత్రం కొంత వెనకాడతాం. ‘చిన్నపిల్లవాడు, వాడికేం తెలుసు’, ‘రేపటికి అదే మర్చిపోతుంది’ అన్న మాటలు మన ఇళ్లలో తరచుగా వినిపిస్తాయి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను పిల్లలను వంచడానికి ఇచ్చిన అనుమతిపత్రంగా వాడుకున్న తరాలు మన వెనుక ఉన్నాయి.

ఈ ధోరణిని ప్రశ్నించిన రచనలు మనకు లేకపోలేదు. విద్యాశాఖలో పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లలను కొట్టే తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను గట్టిగా నిలదీశాడు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్లలో ‘దివాస్వప్న’ రాశాడు. జపాన్‌లో 1981లో అచ్చయిన టెట్సుకో కురొయనాగి ‘టోటోచాన్’ ఈ కోవకు చెందిన పుస్తకమే. ‘రైలుబడి’ అన్న పేరుతో తెలుగులోకి వచ్చిన ఈ పుస్తకాన్ని ఇక్కడ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పిల్లలు కూడా చదివారు.

ఎక్కువమంది పాఠకులు దీన్ని పిల్లల స్వేచ్ఛకు సంబంధించిన పుస్తకంగా చదువుతారు. రైలుపెట్టెల్లో తరగతులు, ఇష్టమైన పాఠంతో రోజు మొదలుపెట్టే వీలు, మధ్యాహ్నం షికార్లు అందరికీ గుర్తుంటాయి. ‘పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయాలి’ అన్నది దీని సారాంశమని చాలామంది చెబుతారు. ఈ అభిప్రాయం పుస్తకానికి పూర్తి న్యాయం చేయదు. ఆ బడిలో పిల్లలను వదిలేసిన క్షణం దాదాపు కనబడదు. పిల్లలకు తెలియకుండా పెద్దలు చేసిన పని ప్రతి అధ్యాయం వెనుక ఉంది. ఆ పని ఏమిటో, అది ఎందుకు కష్టమో పరిశీలించడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

7.2 రచయిత్రి, రచన, నేపథ్యం

టెట్సుకో కురొయనాగి 1933లో టోక్యోలో జన్మించారు. తండ్రి వయొలిన్ విద్వాంసుడు. ఆమె నటిగా, టెలివిజన్ వ్యాఖ్యాతగా జపాన్‌లో ఇంటింటికీ తెలిసిన వ్యక్తి. 1984 నుంచి యునిసెఫ్ సౌహార్ద రాయబారిగా పనిచేశారు. చిన్నప్పుడు ఆమెను పిలుచుకున్న ముద్దుపేరే టోటోచాన్.

టోటోచాన్‌ను మొదటి తరగతిలోనే బడి నుంచి పంపించివేశారు. ఆమె డెస్కు మూతను మాటిమాటికీ తెరుస్తూ మూస్తూ ఉండేది. పాఠం జరుగుతుండగా కిటికీ దగ్గర నిలబడి వీధిలో వెళ్లే వాద్యగాళ్లను పిలిచేది. చూరు కింది పిట్టలతో మాట్లాడేది. ఆ పిల్ల ఉంటే తరగతి నడపలేనని ఉపాధ్యాయిని తల్లికి చెప్పేసింది. అప్పుడు తల్లి వెతికి పట్టుకున్న బడి టొమోయె. 1937లో సొసాకు కొబయాషి టోక్యోలోని జియుగావొకా ప్రాంతంలో స్థాపించిన ఈ బడిలో వాడకం మానేసిన రైలుపెట్టెలే తరగతి గదులు. విద్యార్థులు మొత్తం యాభైమంది. 1945లో వైమానిక దాడిలో బడి కాలిపోయింది. కొబయాషి 1963లో మరణించారు.

పుస్తకం జపనీస్ పేరులో ‘కిటికీ దగ్గరి’ అన్న విశేషణం ఉంది. ఆ రోజుల్లో జపాన్ కార్యాలయాల్లో పనిలేకుండా పక్కన కూర్చోబెట్టిన ఉద్యోగులను కిటికీ దగ్గరివాళ్లు అనేవారు. టోటోచాన్ వాద్యగాళ్ల కోసం నిజంగానే కిటికీ దగ్గర నిలబడేది. మొదటి బడి ఆమెను పక్కకు నెట్టింది కూడా. ఒకే మాటలో ఈ రెండర్థాలూ ఉన్నాయి. పక్కకు నెట్టబడిన పిల్ల ఏమైంది అన్నదే పుస్తకం చెప్పే కథ.

7.3 కథనపద్ధతి

ఇది ఆత్మకథ. అయినా ఇందులో ‘నేను’ లేదు. రచయిత్రి తనను ‘టోటోచాన్’ అని ప్రథమపురుషలో చెప్పుకున్నారు. చిన్న చిన్న అధ్యాయాలు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క సంఘటన, తేలిక వాక్యాలు. మొత్తం మీద లోకం ఆరేళ్ల పిల్ల కళ్ల ఎత్తు నుంచి కనబడుతుంది. అయితే అక్కడక్కడ నలభై ఏళ్ల తరువాతి గొంతు ఒకటి లోపలికి వచ్చి, ఆ పిల్లకు అప్పుడు తెలియని సంగతి ఒకటి పాఠకుడి చెవిలో వేసి వెళుతుంది.

దీనికి మంచి ఉదాహరణ బడి మారిన సందర్భం. తనను మొదటి బడి నుంచి పంపేశారని టోటోచాన్‌కు తెలియదు. ‘కొత్త బడికి వెళదామా’ అన్న ధోరణిలోనే తల్లి విషయం కదిపింది. అసలు సంగతి కూతురికి ఇరవై ఏళ్లు దాటాకే చెప్పింది. ఇన్నేళ్లు ఆ తల్లి ఏం మోసిందో ఊహించండి. ఉపాధ్యాయిని ఫిర్యాదులు విన్నది ఆమె. ఇంకో బడి దొరుకుతుందో లేదో అని కంగారుపడిందీ ఆమే. పిల్ల మాత్రం ఉత్సాహంగా కొత్త బడి గేటు దగ్గరికి వెళ్లింది.

ఈ రెండు పొరల కథనాన్ని అందానికి చేసిన ఏర్పాటుగా మాత్రమే చూడకూడదు. పెద్దలు చేసిన పని పిల్లకు కనబడదు, పాఠకుడికి కనబడుతుంది. పిల్లల మనసును కాపాడే పని చాలావరకు పిల్లలకు తెలియకుండానే జరగాలి అన్న భావాన్ని రచయిత్రి ఎక్కడా సూత్రంగా చెప్పలేదు. కథనపద్ధతే ఆ భావాన్ని మోసింది. రూపం, వస్తువు ఒకదానికొకటి ఎలా ఉపకరిస్తాయో అర్థం చేసుకోవడానికి ఇది చక్కని ఉదాహరణ.

స్వయం అభ్యాస ప్రశ్న – 1
‘రైలుబడి’ని రచయిత్రి ఉత్తమపురుషలో రాసి ఉంటే పాఠకుడికి ఏమి దక్కకుండా పోయేది? ఐదు వాక్యాలలో రాయండి.

7.4 వినడం

కొత్త బడిలో మొదటి రోజు కొబయాషి మాస్టారు తల్లిని ఇంటికి పంపి, టోటోచాన్ ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏదైనా చెప్పమన్నారు. ఆ పిల్ల వచ్చిన రైలు గురించి, పాత బడిలోని టీచరు గురించి, పిట్టగూడు గురించి, ఇంట్లో కుక్క గురించి, ముక్కు చీదుకోవడం గురించి, వేసుకున్న గౌను గురించి చెప్పుకుంటూ పోయింది. ఆయన మధ్యమధ్య నవ్వుతూ, తల ఊపుతూ, తరువాత ఏమైందని అడుగుతూ విన్నారు. ఆమె దగ్గర మాటలు అయిపోయేసరికి మధ్యాహ్న భోజనం వేళయింది. అంటే సుమారు నాలుగు గంటలు.

ఈ సన్నివేశాన్ని చదివి ‘ఎంత ఓపిక!’ అని మెచ్చుకోవడం సులభం. విమర్శకుడు ఇంకొక అడుగు ముందుకు వేయాలి. ఆయన ఆ నాలుగు గంటల్లో ఏం చేయలేదో చూడండి. పిల్లకు ఏమొచ్చో ఏమి రాదో పరీక్షించలేదు. పాత బడి నుంచి ఎందుకు వచ్చావని అడగలేదు. ఇక్కడ బుద్ధిగా ఉండాలని హెచ్చరించలేదు. అప్పటిదాకా పెద్దలకు ఆమె మాటలు అల్లరి కింద లెక్క. ఇక్కడ అవే మాటలు ఒక మనిషి చెప్పుకునే కబుర్లయ్యాయి. ఆ పిల్ల మారలేదు, వినేవాడు మారాడు.

వినడం ఆ ఒక్క రోజుతో ఆగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ రోజుకొకరు లేచి నిలబడి ఏదైనా మాట్లాడడం ఆ బడిలో ఆనవాయితీ. ఒక కుర్రవాడు తన దగ్గర చెప్పడానికి ఏమీ లేదన్నాడు. ఇలాంటి చోట సాధారణంగా రెండు పనులు జరుగుతాయి: ‘సరే, కూర్చో’ అని వదిలేయడం, ‘ఇంతమంది చెప్పారు, నీకేం తక్కువ?’ అని ఎత్తిపొడవడం. మాస్టారు ఈ రెండూ చేయలేదు. పొద్దున లేచాక ఏం చేశావో గుర్తు చేసుకోమన్నారు. వాడు ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, మధ్యలో ‘ఆ తరువాత’ అని ఆగుతూ, లేచిన సంగతి నుంచి బడికి వచ్చిన సంగతి దాకా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాట్లాడే పిల్ల మాట వినడం ఒక పని. మాట రాని పిల్లవాడి కోసం ఆగడం అంతకంటే కష్టమైన పని. రెండో సన్నివేశం మొదటిదాన్ని పూర్తి చేస్తుంది.

7.5 అవమానం తగలకుండా చూడడం

పుస్తకంలో అన్నిటికంటే ఆలోచింపజేసే భాగాలు పిల్లల మానానికి సంబంధించినవి. మూడు సందర్భాలను వరుసగా చూద్దాం.

మొదటిది మధ్యాహ్న భోజనం. పిల్లలు సముద్రం నుంచి వచ్చింది కొంచెం, నేల మీద పండింది కొంచెం తెచ్చుకోవాలని మాస్టారి నియమం. చూడడానికి ఇది పోషకాహార పాఠం. కానీ రోజూ ఆయన డబ్బాలు చూస్తూ తిరుగుతుంటే వెనకాలే ఆయన భార్య రెండు చేతుల్లో రెండు గిన్నెలతో నడిచేవారు. ఎవరి డబ్బాలో సముద్రం తగ్గితే ఒక గిన్నె నుంచి, నేల తగ్గితే రెండో గిన్నె నుంచి వడ్డించేవారు. ఎవరింట్లో ఏముంది, ఎవరింట్లో లేదు అన్న ప్రశ్నే అక్కడ రాలేదు. లేమి ఆటలో ఒక భాగమైపోయింది. పక్కవాడి డబ్బాలోకి తొంగిచూసి తన డబ్బా మూత దించుకునే పిల్ల మన బడుల్లో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు.

రెండోది ఆటల పోటీ. తకహాషి అనే అబ్బాయికి చేతులు కాళ్లు పొట్టిగా ఉండేవి, ఎత్తు ఇక పెరగడు. మాస్టారు ఆ ఏడు ఆటలన్నీ తానే కల్పించారు. పొట్టి శరీరం ఉన్నవాడికి సులువుగా ఉండే పోటీలు అవి. గుడ్డతో చేసిన పెద్ద చేప లోపలినుంచి దూరి రావడం, చిన్న చిన్న మెట్లు ఎక్కడం వంటివి. తకహాషి అన్నిట్లోనూ గెలిచాడు. నిబంధనలు అందరికీ ఒకటే, ఎవరూ ఎవరికీ జాలితో దారి ఇవ్వలేదు. గెలిచిన అనుభూతి వాడికి జీవితమంతా తోడుండాలని మాస్టారు కోరుకుని ఉంటారని రచయిత్రి పెద్దయ్యాక గ్రహించారు. జాలి చూపిస్తే పిల్లవాడికి తన లోటు గుర్తుకు వస్తుంది. ఏర్పాటు చేస్తే తన బలం తెలుస్తుంది. ఈ తేడాను ఇంత సులువుగా చూపించిన రచన అరుదు.

మూడోది మనం ఎక్కువగా తడబడే చోటు. ఒక ఉపాధ్యాయిని పూర్వం మనుషులకు తోకలుండేవని చెబుతూ, తకహాషిని నీకు ఇంకా తోక ఉందేమో అని సరదాగా అడిగింది. ఆమెలో చెడు ఉద్దేశం లేదు. సాయంత్రం మాస్టారు ఆమెను గట్టిగా మందలించారు. తన శరీరం గురించి తకహాషి మనసులో ఏముందో ఆలోచించావా అని అడిగారు. ఆ మందలింపు ఉపాధ్యాయుల గదిలో జరగలేదు, వంటగదిలో జరిగింది. ఇతరుల ముందు ఆమె చిన్నబోకూడదని ఆయన జాగ్రత్తపడ్డారు. అనుకోకుండా టోటోచాన్ చెవిన పడడం వల్లనే మనకు ఈ సంగతి తెలిసింది. పిల్లల గౌరవాన్ని కాపాడడానికి పెద్దల గౌరవాన్ని బలిపెట్టనక్కర లేదని ఈ సన్నివేశం చెబుతుంది. ఉపాధ్యాయులను పిల్లల ముందే నిలబెట్టి కేకలేసే యాజమాన్యాలు, కోడలిని పిల్లల ముందే తక్కువ చేసే ఇళ్లు ఈ పేజీలను రెండుసార్లు చదవాలి.

స్వయం అభ్యాస ప్రశ్న – 2
జాలి చూపడానికి, ఏర్పాటు చేయడానికి మధ్య తేడాను ఆటల పోటీ ఉదాహరణతో వివరించండి.

7.6 నమ్మడం

టోటోచాన్‌కు ఎంతో ఇష్టమైన పర్సు ఒకరోజు మరుగుదొడ్డి గుంటలో పడిపోయింది. ఆమె పొడుగు కర్ర ఉన్న గరిటె తెచ్చి, గుంటలోది తోడి బయట పోయడం మొదలుపెట్టింది. కుప్ప పెరిగింది. అటుగా వచ్చిన మాస్టారు ఏం చేస్తున్నావని అడిగారు. పర్సు పడిపోయిందని చెప్పింది. పని అయిపోయాక అంతా తిరిగి లోపల వేసేస్తావు కదా అన్నట్టు మాట్లాడి ఆయన తన దారిన వెళ్లిపోయారు. పర్సు దొరకలేదు. ఆమె మాత్రం మాట ప్రకారం అంతా తిరిగి వేసింది, కింద తడిసిన మట్టితో సహా.

చాలామంది ఈ సంఘటనను స్వేచ్ఛకు ఉదాహరణగా చెబుతారు. కానీ మాస్టారి మాటలో ఒక షరతు ఉంది. చేసిన పని పర్యవసానం నీదే, సర్దవలసింది నువ్వే అన్న షరతు అది. ఆయన తిట్టలేదు, సాయమూ చేయలేదు, నౌకరును పిలవలేదు. తన సమస్యను తానే చూసుకోగల మనిషిగా ఆమెను లెక్కవేశారు. మన ఇళ్లలో ఇలాంటప్పుడు రెండు విపరీతాలు కనిపిస్తాయి. వీపు మీద రెండు వేసి లోపలికి లాక్కెళ్లడం ఒకటి, ‘పోనీలే, ఇంకోటి కొనిపెడతాలే’ అనడం రెండోది. మొదటిదానిలో పిల్లకు గౌరవం లేదు, రెండోదానిలో బాధ్యత లేదు.

ఇంకొక చిన్న సంఘటనలో ఇదే నమ్మకం మరోలా కనబడుతుంది. టోటోచాన్ తలకు కట్టుకున్న రిబ్బను మీద మాస్టారి కూతురు మియోచాన్ మనసుపడింది. అలాంటిదే కావాలని తండ్రిని వేధించింది. ఆయన ఊరంతా తిరిగినా దొరకలేదు. చివరికి టోటోచాన్ దగ్గరికి వచ్చి, బడికి ఆ రిబ్బను కట్టుకురాకుండా ఉంటే తనకు సాయమవుతుందని అడిగారు. హెడ్మాస్టరు ఆజ్ఞాపించవచ్చు, బడిలో అలంకారాలు కూడదని ఒక నియమం పెట్టవచ్చు. ఆయన తన ఇబ్బందిని ఒక చిన్నపిల్ల ముందు పెట్టి సాయం కోరారు. ఆమె ఆలోచించి సరే అంది. తమ వల్ల ఇతరులకు మేలు జరుగుతుందన్న తృప్తి కూడా పిల్లల అవసరమే అని మనం తరచుగా మర్చిపోతాం.

7.7 దుఃఖానికి తావివ్వడం

పిల్లలు పెరిగేకొద్దీ వాళ్ల అవసరాల తీరు మారుతుంది. ఆరేళ్ల వయసులో వినేవాళ్లు ఉంటే చాలు. ఆ తరువాత స్నేహం వస్తుంది, స్నేహంతోపాటు పోగొట్టుకోవడం కూడా వస్తుంది. పుస్తకం రెండో సగంలో సంతోషం తగ్గుతూ దుఃఖం పెరుగుతూ రావడం గమనించదగింది.

తొలి దుఃఖం కోడిపిల్లలది. జాతరలో అమ్మే కోడిపిల్లలు కావాలని టోటోచాన్ పట్టుబట్టింది. అవి బతకవని, తరువాత ఏడుస్తావని అమ్మానాన్నలు చెప్పారు. ఇంకెప్పుడూ ఏదీ అడగనని ఆమె ఏడ్చింది. కొనిచ్చారు. కొద్దిరోజులకే అవి చనిపోయాయి. తల్లిదండ్రులు తాము చెప్పింది నిజమైందని దెప్పలేదు. ముందు హెచ్చరించారు, తరువాత పిల్ల దుఃఖపడుతుంటే పక్కన ఉన్నారు. ‘నేను ముందే చెప్పానా!’ అన్న మాట ఎంత తరచుగా మన నోటివెంట వస్తుందో గుర్తు చేసుకుంటే, ఆ మౌనం విలువ తెలుస్తుంది.

రెండోది మసావొ అనే పిల్లవాడి సంగతి. దారిలో వెళ్తున్న టోటోచాన్‌ను చూసి వాడు ద్వేషంగా ‘కొరియన్’ అని అరిచాడు. ఆమె జపాన్ పిల్ల. వాడు కొరియావాడు. అప్పుడు కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. ఇంటికొచ్చి చెబితే తల్లికి కళ్లనీళ్లు తిరిగాయి. తనను అందరూ ఆ మాటతో తిడుతుంటే అదే తిట్టు అనుకుని, కోపం వచ్చినప్పుడు వాడు ఇంకొకరిమీద విసిరాడని ఆమె వివరించింది. ఆ మాట మన దగ్గరి కులం పేర్లను గుర్తుకు తెస్తుంది. తిట్టిన పిల్లవాడిలో తిట్లు తిన్న పిల్లవాణ్ణి చూడడం, తన బిడ్డకు అలా చూడడం నేర్పడం ఆ తల్లి చేసిన పని. మానసిక పోషణ అంటే తన బిడ్డను నొప్పి నుంచి తప్పించడం ఒక్కటే కాదని, ఇతరుల నొప్పిని గుర్తించే శక్తినివ్వడం కూడా అని ఈ చిన్న అధ్యాయం తెలియజేస్తుంది.

మూడోది యసుయాకి మరణం. పోలియో వల్ల కాలు చేయి సరిగా లేని ఈ స్నేహితుణ్ణి టోటోచాన్ ఒక సెలవురోజు ఎవరికీ చెప్పకుండా బడికి తీసుకొచ్చి, నిచ్చెన వేసి, చెమటలు కక్కుతూ తన చెట్టు మీదికి ఎక్కించింది. యసుయాకి చెట్టెక్కడం అదే మొదలు, అదే చివర. తరువాత కొన్నాళ్లకు వాడు చనిపోయాడు. మాస్టారు పిల్లలందరినీ కూర్చోబెట్టి నేరుగా ఆ వార్త చెప్పారు, అంత్యక్రియలకు తీసుకెళ్లారు. ఏడ్చి ఎర్రబడిన తన కళ్లను పిల్లల నుంచి దాచుకోలేదు. టోటోచాన్ శవపేటికలో పువ్వు పెట్టింది. యసుయాకి చదవమని ఇచ్చిన పుస్తకం ఆమె దగ్గరే మిగిలిపోయింది.

బడి నుంచి పంపేసిన సంగతిని తల్లి దాచింది. మరణాన్ని మాస్టారు దాచలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది దాచాలి, ఏది చెప్పాలి అన్న ప్రశ్నకు పుస్తకం జవాబు ఇక్కడుంది. పిల్ల తన మీద తాను నమ్మకం పోగొట్టుకునేలా చేసే పెద్దల తీర్పును వయసు వచ్చేదాకా దాచవచ్చు. అందరికీ తప్పని దుఃఖాన్ని దాస్తే పిల్ల దాన్ని ఒంటరిగా మోయాల్సి వస్తుంది. ‘అంకుల్ ఊరెళ్లాడు’, ‘తాతయ్య దేవుడి దగ్గరికి వెళ్లాడు, మళ్లీ వస్తాడు’ అని చెప్పే ఇళ్లలో పిల్లలు వీధి గుమ్మం వైపు చూస్తూ ఎదురుచూస్తుంటారు.

స్వయం అభ్యాస ప్రశ్న – 3
తల్లి దాచిన విషయాన్ని, మాస్టారు దాచని విషయాన్ని పోల్చి మీ అభిప్రాయం రాయండి.

7.8 రచనలోని పరిమితులు

మంచి పుస్తకాన్ని మెచ్చుకోవడంతో విమర్శ పూర్తి కాదు. ‘రైలుబడి’ని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

ఒకటి, ఇది కృతజ్ఞతతో రాసిన పుస్తకం. కోలుకున్న పిల్ల, పేరుప్రఖ్యాతులు పొందిన తరువాత, తన గురువును తలచుకుని రాసింది. ఆ బడి సరిపడని పిల్లలు ఉన్నారా, వాళ్లేమయ్యారు అన్నది మనకు తెలియదు. జ్ఞాపకం తనకు కావలసినవి ఏరుకుంటుంది. కనుక దీన్ని సాక్ష్యంగా చదవాలి, రుజువుగా చదవకూడదు.

రెండు, నిజానికి నువ్వు మంచిపిల్లవే అన్న అర్థంలో మాస్టారు టోటోచాన్‌తో మాటిమాటికీ చెప్పేవారు. ఆ మాట తనను నిలబెట్టిందని రచయిత్రి అంటారు. అందరూ చెడ్డదన్న పిల్లకు ఆ మాట మందే. అయితే ఎదుటివారి మెప్పు మీదే నిలబడే అలవాటు ఏ పిల్లకూ మంచిది కాదు. ఇక్కడ మాస్టారు మాటతో ఆగలేదు కాబట్టి ఆ మాట పనిచేసింది. వినడం, నమ్మడం లేకుండా పొద్దస్తమానం ‘గుడ్ గర్ల్’ అంటుంటే పిల్లలు ఆ మాట విలువను వెంటనే పట్టేస్తారు.

మూడు, రెండు గిన్నెలతో నడిచిన ఆ ఇల్లాలు పుస్తకంలో మాస్టారి భార్యగానే కనబడతారు. టోటోచాన్ తల్లి మోసిన కంగారుకూ ఇదే గతి. పిల్లల మనసును కాపాడే పనిలో పెద్ద భాగం ఆడవాళ్లది, పేరు మాత్రం మగవాడిది. రచయిత్రి దీన్ని గమనించి ప్రశ్నించినట్టు కనబడదు. పాఠకులుగా మనం గమనించాలి.

నాలుగు, యాభైమంది పిల్లలు, సొంతంగా బడి పెట్టగల మనిషి, సంగీతం తెలిసిన కుటుంబాలు. ఈ అనుకూలతలు అందరికీ ఉండవు. ఇక్కడ ‘దివాస్వప్న’ను పక్కన పెట్టుకోవడం ఉపయోగకరం. అందులో లక్ష్మీరాం అనే ఉపాధ్యాయుడు మామూలు బడిలో నాలుగో తరగతి తీసుకుని, అధికారి అనుమతితో ఏడాదిపాటు ప్రయోగం చేస్తాడు. మొదటి రోజు పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టాలని చూసి ఓడిపోతాడు. తరువాత కథలతో వాళ్లను దగ్గర చేసుకుంటాడు. తోటి ఉపాధ్యాయుల ఎగతాళి, సిలబస్, పరీక్షలు అన్నీ అతనికి ఉన్నాయి. కొబయాషికి లేని గోడలు లక్ష్మీరాంకు ఉన్నాయి కాబట్టి, మన ఉపాధ్యాయుడికి అతను మరింత దగ్గరివాడు. కానీ ‘దివాస్వప్న’ ఉపాధ్యాయుడి వైపు నుంచి రాసిన కల్పన. పిల్ల లోపల ఏం జరిగిందో చెప్పగలిగింది ‘రైలుబడి’ మాత్రమే. రెండూ కలిపి చదివితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

7.9 మన బడి, మన ఇల్లు

మన దేశంలో విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దానిలోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇది చిన్న విషయం కాదు. ‘దండం దశగుణం భవేత్’ అని నమ్మిన సమాజంలో బెత్తాన్ని చట్టవిరుద్ధం చేయడం పెద్ద అడుగు. కానీ చట్టం ఏం చేయకూడదో చెప్పగలదు. ఏం చేయాలో చెప్పడం దాని వల్ల అయ్యే పని కాదు. బెత్తం తీసేసిన చేతిలో ఏం ఉండాలన్న ప్రశ్నకు ‘రైలుబడి’ వంటి రచనలు జవాబు వెతుకుతాయి.

మీలో కొందరు అంగన్‌వాడీలలో, ప్రైవేటు బడుల్లో పనిచేస్తూ చదువుతున్నారు. కొందరు పిల్లలను పెంచుతూ చదువుతున్నారు. తరగతికి అరవైమంది పిల్లలుంటే నాలుగు గంటలు ఎవరి మాటా వినలేమని మీరంటారు. అది నిజమే. అయితే ఈ పుస్తకంలోని పనులన్నీ సమయంతో, డబ్బుతో కూడినవి కావు. మార్కుల జాబితాను పైనుంచి కిందికి బిగ్గరగా చదవకుండా ఉండడానికి సమయం అక్కరలేదు. ఫీజు కట్టని పిల్లను తరగతిలో నిలబెట్టకుండా ఉండడానికి డబ్బు అక్కరలేదు. పొట్టివాణ్ణి, నల్లపిల్లను, నత్తిగా మాట్లాడేవాణ్ణి సరదాకైనా ఆటపట్టించకుండా ఉండడానికి శిక్షణ అక్కరలేదు. మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీసే చోట, చివరి సెక్షన్ పిల్లలు తమ గురించి తామేమనుకుంటారో ఎవరైనా ఒకరు ఆలోచిస్తే అది మొదలవుతుంది.

ఇంటి విషయంలో కూడా అంతే. ఉమ్మడి కుటుంబాల్లో అమ్మ తిడితే నాయనమ్మ ఒడి ఉండేది, నాన్న కొడితే బాబాయి భుజం ఉండేది. ఒకరి దగ్గర దొరకని ఓదార్పు ఇంకొకరి దగ్గర దొరికేది. ఆ ఇళ్లలోనూ పిల్లల మాటకు విలువ తక్కువే కనుక దాన్ని స్వర్ణయుగంగా వర్ణించనక్కర లేదు. కానీ నలుగురు పెద్దలు పంచుకున్న ఆ పని ఇప్పుడు ఇద్దరి మీద, చాలాచోట్ల తల్లి ఒక్కదాని మీద పడింది. పిల్లల మనసు గురించి మాట్లాడేటప్పుడు ఆ పని చేసేవారికి ఎవరు ఆసరాగా ఉన్నారని కూడా అడగాలి. కొబయాషి మాస్టారు తన ఉపాధ్యాయినిని వంటగదిలోకి పిలిచి మందలించారన్న సంగతి ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. తమ గౌరవం నిలబడిన పెద్దలే పిల్లల గౌరవాన్ని నిలబెట్టగలుగుతారు.

7.10 సారాంశం

‘రైలుబడి’ని స్వేచ్ఛకు సంబంధించిన పుస్తకంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. పిల్లలకు కనబడకుండా పెద్దలు చేసే పనిని రెండు పొరల కథనం ద్వారా చూపించడం దీని ప్రత్యేకత. వినడం, అవమానం తగలకుండా ఏర్పాట్లు చేయడం, బాధ్యతతోపాటు నమ్మకాన్ని ఇవ్వడం, దుఃఖాన్ని దాచకుండా పంచుకోవడం ఆ పనిలోని నాలుగు భాగాలు. పిల్ల వయసు పెరిగేకొద్దీ వీటి ప్రాధాన్యం మారుతుంది. రచన కృతజ్ఞతా దృష్టితో సాగడం, స్త్రీల శ్రమ మరుగున పడడం, అనుకూల పరిస్థితుల్లో నడిచిన బడి కావడం దీని పరిమితులు. ఆ పరిమితులను గుర్తించిన తరువాత కూడా, డబ్బు, సమయం లేనివారు సైతం ఆచరించదగిన అంశాలు ఇందులో ఉన్నాయి. బాంబుల మంటల్లో బడి తగలబడుతుండగా ఈసారి ఎలాంటి బడి కడదామని మాస్టారు తన కొడుకును అడిగారు. ఆయన ప్రాథమిక బడిని మళ్లీ కట్టలేకపోయారు. ఆ ప్రశ్న మాత్రం పుస్తకం చదివిన ప్రతి ఉపాధ్యాయుడి ముందు, ప్రతి తల్లిదండ్రుల ముందు అలాగే ఉంది.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘రైలుబడి’ కథనపద్ధతికి, వస్తువుకు గల సంబంధాన్ని విశ్లేషించండి.
2. పిల్లలు పెరిగేకొద్దీ వారి మానసిక అవసరాలు ఎలా మారతాయో ‘రైలుబడి’ సంఘటనల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పర్సు సంఘటనలో స్వేచ్ఛ, బాధ్యత ఎలా కలిసి ఉన్నాయో వివరించండి.
2. ‘రైలుబడి’, ‘దివాస్వప్న’లను పోల్చి, మన బడులకు ఏది ఏ విధంగా ఉపకరిస్తుందో రాయండి.
3. ‘రైలుబడి’ పరిమితులలో మీకు ముఖ్యమని తోచిన ఒకదాన్ని ఎంచుకుని, మీ అభిప్రాయాన్ని కారణాలతో సమర్థించండి.

III. అభ్యాసం
మీకు తెలిసిన ఒక బడిలో గాని, ఇంట్లో గాని ఒక వారం రోజులు గమనించి, పిల్లలకు తెలియకుండా వారి గౌరవాన్ని కాపాడిన ఒక సందర్భాన్ని, కాపాడలేకపోయిన ఒక సందర్భాన్ని రాయండి. పిల్లల పేర్లు రాయవద్దు.